పులి ముందు ఏ కెమెరా?

అడవిలో పులిని ఫొటో తియ్యాలని జమీందారు నరసరాజుగారికి బుద్ధి పుట్టింది. పట్నం నుంచి తెప్పించిన పది కెమెరాలూ ముందేసుకుని మూడు రోజులు కూర్చున్నారు. ఒకటి దూరానికి మంచిదట, ఇంకోటి మసక వెలుతురుకి మంచిదట. అన్నిటికన్నా గొప్పదాని పెట్టె మోస్తే మెడ విరిగేంత బరువు. ఏది ఉంచుకోవాలో తేలక ఆయన బుర్ర తిరిగిపోయింది. వేటలో రాజుగారు చేత్తో పుల్ల కూడా పట్టరు, మోతంతా నౌకరు పైడయ్యదే. చివరికి విసుగెత్తి వాణ్ణే అడిగారు.

"పులి కనబడితే తమరేం చేస్తారు బాబూ?" అన్నాడు పైడయ్య.

"కదలకుండా నిలబడి ఫొటో తీస్తాను. నువ్వో?"

"నేను పారిపోతాను బాబూ. పెట్టె నా నెత్తిమీదే ఉంటుంది."

రాజుగారు గుప్పెట్లో ఇమిడే కెమెరాని ఏరుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తన సామాను తానే మోసుకుంటూ వేటకి బయల్దేరారు.