ఎర్ర సింహాసనానికి తెల్ల పూత

అనగనగా అని నేనంటాను, మీరు ఊఁ కొట్టండి. కాస్త భయం కథ ఇది, భయమేస్తే పక్కవాళ్ళ చెయ్యి పట్టుకోండి.

కొండవెలగ రాజ్యాన్ని సోమకేతు మహారాజు ఏలేవాడు. ఆయన కూర్చునే సింహాసనం తాతముత్తాతల నాటిది, ఎర్రచందనపు చెక్కతో చేసింది. ఒక వానాకాలం ఆయన తమ్ముడు విజయకేతు సభకు వచ్చి, "అన్నగారు వేటకు వెళ్ళి అడవిలో జ్వరమొచ్చి పోయారు. దహనం కూడా అక్కడే జరిపించాను" అని కళ్ళు ఒత్తుకున్నాడు. జనం నమ్మారు. సోమకేతు భార్య మంగళాదేవి నమ్మలేదు గానీ, ఆమె చేతిలో సాక్ష్యం లేదు. ఏమని అడుగుతుంది పాపం?

పట్టాభిషేకానికి ముహూర్తం పెట్టారు. కొత్త రాజు అప్పుడొక వింత ఆజ్ఞ ఇచ్చాడు.

"ఈ ఎరుపు నాకు పడదు. సింహాసనానికి తెల్ల పూత వేయండి. వందేళ్ళు ఎండకూ గాలికీ వెలిసిపోయిన చెక్కలా ఉండాలి. ఎర్ర మరక ఒక్కటి కనిపించినా, పూత వేసినవాణ్ణి పట్టాభిషేకం నాడు కోట గోడ మీంచి తోయిస్తాను."

మొదట ముద్దన్న అనే పనివాడు వచ్చాడు. సున్నం పల్చగా కలిపి, పీచు కుంచెతో చెక్కకు రుద్దాడు. తడి ఆరీ ఆరకముందే గోనెగుడ్డతో తుడిచాడు. తెల్లదనం అడుగున చెక్క చారలు లీలగా తేలాయి. అంచులను గరుకు ఆకులతో అరగదీశాడు. రాజు చూసి తృప్తిపడి, సభ తలుపులకు తాళం వేయించాడు.

పొద్దున తలుపులు తీసేసరికి, కూర్చునే చోట ఎర్రటి మరకలు.

రాజు ముఖంలో నెత్తురు చుక్క లేదు. "లోపలికి ఎవరొచ్చారు?" అని అడిగాడు. ఎవరూ రాలేదు. ముద్దన్న నోరు తెరిచేలోగా భటులు అతణ్ణి చెరసాలకు ఈడ్చుకుపోయారు.

రెండోసారి ఓబన్న అనే ముసలి పనివాణ్ణి పిలిపించారు. సున్నం చిక్కగా రెండు పూతలు వేయమన్నారు. వేశాడు. తాళాలు రెట్టింపు చేసి, రాజు తానే గుమ్మం ముందు కత్తి పట్టుకుని కూర్చున్నాడు. చీమ కూడా లోపలికి పోలేదు. అయినా తెల్లారేసరికి ఎరుపు సింహాసనం చేతుల దాకా పాకింది. ఒక అంచున కిందికి జారి ఎండిపోయింది కూడా.

ఓబన్న కూడా చెరసాల పాలయ్యాడు. ఆ రోజు నుంచి రాజుకు తిండి సయించలేదు. తోటలోని మందారాలన్నీ కోయించి పారేయించాడు. వెనక అడుగుల చప్పుడు వినిపిస్తే చాలు, ఉలిక్కిపడేవాడు. రాజే అంత భయపడుతుంటే ఇక కోటలో నిద్రపోయేదెవరు? దాసీలు సభ ముందు నుంచి నడవడమే మానేశారు.

ఓబన్నకు చెంగమ్మ అనే కూతురుంది. ఆమె చెరసాల కిటికీ దగ్గరికి వెళ్ళి తండ్రిని పలకరించింది.

"అమ్మా, అందులో మాయ లేదు, మర్మం లేదు. అది చెక్క గుణం," అన్నాడు ఓబన్న. "సున్నం తగిలితే ఎర్రచందనం రంగు విడుస్తుంది. ముందు లక్క పూత వేస్తే గానీ ఆగదు. చెప్పబోతే నన్ను చెప్పనియ్యలేదు. రాజు చూపు నాకు మంచిగా తోచలేదు తల్లీ. నువ్వు ఈ ఊరొదిలి పో."

"నిన్ను గోడ మీంచి తోస్తుంటే, నేను ఏ ఊరు పోయి బతికేది నాయనా?" అంది చెంగమ్మ.

పట్టాభిషేకం నాడు, తండ్రి బదులు తానే పూత వేస్తానని ఆమె సున్నం కుండతో సభకు వెళ్ళింది. చేతులు జోడించి ఉన్నమాట చెప్పింది.

"మారాజా, ఇది చెక్క విడిచే రంగు. ముందు లక్క పూత వేయనియ్యండి. మరక పడదు."

"లక్క ఎందుకు? దాని కింద ఏం దాచాలని?" అన్నాడు రాజు.

"దాచడానికేముంది మారాజా? రంగు ఆగడానికే."

"నోరు ముయ్యి. మీరంతా కలిసి నన్ను ఏడిపిస్తున్నారు. సున్నమే వెయ్యి, ఇందరి ముందే వెయ్యి. మరక పడిందా, నువ్వూ మీ నాయనా కలిసే పోతారు."

చెంగమ్మ కన్నీళ్ళు దిగమింగుకుంటూ పూత వేసింది, తుడిచింది, పక్కకు తప్పుకుంది. సింహాసనం తెల్లగా ఆరుతోంది. తండ్రిని తలుచుకుని ఆమె కళ్ళు మూసుకుంది.

కూర్చునే చోట చిన్న చుక్క తేలింది. పక్కనే ఇంకొకటి. రెండూ కలిసి మెల్లగా వెడల్పయ్యాయి.

రాజు వెనక్కి వెనక్కి జరిగి స్తంభానికి కొట్టుకున్నాడు. "అన్నా, వద్దు, పైకి రాకు," అన్నాడు సింహాసనంతో. "బిందెల కొద్దీ నీళ్ళు పోసి ఈ సింహాసనాన్ని నా చేతులతో నేనే కడిగాను కదా. ఒక్క పోటే కదా పొడిచాను. ఇంత నెత్తురు ఎక్కడిదన్నా నీకు?"

సభ బిక్కచచ్చిపోయింది. చెంగమ్మ ముందుకు వెళ్ళి, ఆ తడిని వేలితో తీసి చూపించింది.

"ఇది నెత్తురు కాదు మారాజా. సున్నం తగిలితే తాంబూలం పండదా, ఇదీ అంతే."

రాజు ఆ వేలిని చూశాడు, సభను చూశాడు. "చెక్క రంగేనా?" అన్నాడు, వినపడీ వినపడనట్టు.

"చెక్క రంగే మారాజా. మొదటే చెప్పాను."

మంగళాదేవి లేచి నిలబడింది. "అడవిలో జ్వరమొచ్చి పోయారని చెప్పావు కదా మరిదీ," అంది. సేనాపతి వచ్చి నడుము నుంచి కత్తి తీసుకుంటే, విజయకేతు అడ్డుకోలేదు.

చెరసాల తలుపులు తెరిచి ముద్దన్ననూ ఓబన్ననూ వదిలేశారు. చెంగమ్మ తండ్రిని పట్టుకుని బావురుమంది. ఆనాటి నుంచి మంగళాదేవి ఆ మరకల సింహాసనం మీదే కూర్చుని రాజ్యం ఏలింది.

పిల్లలూ, ఎన్ని పూతలు వేసి దాచినా, చేసిన తప్పును చేసినవాడి భయమే బయటపెడుతుంది.