అప్ప పలక

అనగనగా ఒక ఏరు. ఏటి పక్కన బొమ్మల వీధి. ఆ వీధిలో ఏ వసారా చూసినా చెక్క పొట్టే, ఏ చెయ్యి చూసినా లక్క రంగే. కరెంటు ఆ ఊళ్లో కొత్త కోడలిలా అడుగుపెట్టిన రోజులవి. ఎప్పటి మాటంటారా? మా తాతనడిగితే వాళ్ల తాతనడగమన్నాడు. మీరు ఊరుకుని వినండి.

ఆ వీధిలో గవర్రాజని ఒక బొమ్మలవాడు ఉండేవాడు. వాడికో అక్క, పైడమ్మ. ఆ వైపు అక్కని అప్ప అంటారు లెండి. మొగుడు పోయి పుట్టింటికొచ్చి తమ్ముడి పంచన చేరింది. ఇంటి వసారాలోనే బొమ్మల మిషను. అప్పట్లో దానికి తాడే ఆధారం. ఒకరు తాడు లాగుతుంటే కర్ర గిర్రున తిరిగేది, ఇంకొకరు దానికి ఉలి ఆనించి బొమ్మ తీసేవారు. తాడు లాగేది అప్ప. బొమ్మ తీసేది తమ్ముడు. పేరు ఎవరికొచ్చిందంటారు? ఉలి పట్టినోడికే. "బొంగరమంటే గవర్రాజు బొంగరమే" అనేవారు గాని, ఆ తాడు ఎవరు లాగుతున్నారని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

లాగి లాగి అప్ప కుడి భుజం పడిపోయింది. జడేసుకుందామంటే చెయ్యి తలదాకా లేచేది కాదు. అయినా నోరు విప్పితే ఒట్టు. ఒకనాడు ఆవిడ ఎడమ చేత్తో అంబలి తాగుతుంటే తమ్ముడు చూశాడు. వాడు చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెబుతున్నాను. చెడ్డవాడే అయితే ఈ కథ ఇంత బాధగా ఉండేది కాదు.

"అప్పా, నీ చేత ఆ తాడు మాన్పిస్తాను" అన్నాడు. అన్నట్టే పట్నం పోయి మోటారు తెచ్చాడు.

పక్క ఊరి నుంచి దాలినాయుడని కరెంటు పని చేసే అతను వచ్చాడు. మోటారుని దిమ్మకి బిగించాడు. బెల్టు తగిలించాడు. మోటారు నెత్తిన కండెన్సరు డబ్బా కట్టాడు.

"ఇదేటి నాయనా, దీనికి సద్దిమూటా?" అంది అప్ప.

"అలాంటిదేనమ్మా. ఇంటి కరెంటుతో నడిచే ఈ రకం మోటారు తనంతట తాను కదల్లేదు. మొదటి తోపు ఈ డబ్బాయే తొయ్యాలి."

"అయితే మా తమ్ముడి లాంటిదే" అని అప్ప నవ్వింది. గవర్రాజూ నవ్వాడు.

అప్పుడు దాలినాయుడు మూడు తీగలు చూపించాడు. "ఎర్ర తీగ తెస్తుంది. నల్ల తీగ తీసుకుపోతుంది. పచ్చ తీగ కాస్తుంది" అన్నాడు. పచ్చ తీగ ఒక కొసని మోటారుకీ మిషను ఇనప చట్రానికీ కలిపి బిగించాడు. పెరట్లో గొయ్యి తీసి, బొగ్గూ ఉప్పూ వేసి, ఒక గొట్టం పాతి, రెండో కొస దానికి కట్టాడు.

"ఎర్ర తీగ ఎక్కడైనా ఒరుసుకుని ఇనుముకి తగిలిందనుకోండి, ఆ కరెంటుని ఈ పచ్చ తీగ భూమిలోకి లాగేస్తుంది. కాని ఇక్కడ నేల తడిగా ఉండాలి. రోజూ చెంబుడు నీళ్లు పొయ్యండి. ఎండిన నేల ఎవరినీ కాయదు."

గవర్రాజు ఊఁ కొట్టాడు. విన్నది మాత్రం అప్ప.

ఇక చూడండి, తెల్లారితే చాలు, చెంబు పట్టుకుని పెరట్లోకి పోయేది. "ఎర్ర తీగ తెస్తుంది. నల్ల తీగ తీసుకుపోతుంది. పచ్చ తీగ కాస్తుంది. తాగు తల్లీ" అని నీళ్లు పోసేది. ఆ తరవాతే తమ్ముడు స్విచ్చి వేసేవాడు. తాడు పోయినా తనకో పని మిగిలిందని ఆవిడకి ఎంత సంబరమో!

ఎండాకాలం వచ్చింది. ఏరు ఎండింది. ఇసకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్లు ముంతతో తోడుకోవాలి. అప్ప ఎడమ చంకన బిందె పెట్టుకుని అంత దూరం నుంచి తెచ్చేది. తెచ్చి, ముందు చెంబుడు గోతిలో పోసేది. గవర్రాజుకి ఒళ్లు మండింది. బొమ్మలమ్ముకునే తీర్థం జాతర దగ్గరకొస్తోంది, బొమ్మలేమో సగమైనా కాలేదు, ఆ కోపమంతా అప్ప మీద పోయింది.

"తాగడానికే లేక చస్తుంటే మట్టికి పోస్తావేటి? మోటారుకి దాహమా, నీకు చాదస్తమా?" అని వీధి అంతా వినేలా అరిచాడు. వీధి అంతా నవ్వింది.

"నీ ఇష్టం తమ్ముడూ" అంది అప్ప. చెంబు బోర్లించేసింది.

నేల ఎండింది. బొగ్గు ఎండింది. ఉప్పు రాయిలా గట్టిపడింది.

మొదటిసారి గవర్రాజు చట్రం మీద చెయ్యేస్తే చీమ కుట్టినట్టయింది. "నేల ఎండింది తమ్ముడూ" అంది అప్ప. "ఏదో చెక్క పేడు గుచ్చుకుందిలే" అన్నాడు.

రెండోసారి తేలు కుట్టినట్టయింది. చెయ్యి భుజందాకా జివ్వుమంది. "నేల ఎండింది తమ్ముడూ. దాలినాయుడికి కబురంపు" అంది. "తీర్థం కానీ, చూద్దాం" అన్నాడు.

అని ఏం చేశాడో తెలుసా? ఎండిన చెక్క పలక ఒకటి తెచ్చి కాళ్ల కింద వేసుకున్నాడు. చెక్క మీద నిలబడితే కరెంటు పట్టదని ఎవరో చెప్పారు. నిజంగానే మళ్లీ పట్టలేదు. బొమ్మలవాడి ఇల్లు కదా, గోడ వారన పలకలే, అటక మీద పలకలే, పొయ్యిలోకీ పలకలే. అందులోంచి ఇంకోటి తీసి ఇంకో మనిషి కాళ్ల కింద వెయ్యాలని ఆ మహానుభావుడికి తోచలేదు. అయ్యో, ఎంత పని! వంగితే అందే పని.

మూడోసారి తీర్థం ముందు రోజు. మిషను తిరుగుతోంది. వాడి కళ్లు ఉలి మీదే ఉన్నాయి. "అప్పా, చట్రం మీద పొట్టు పేరుకుంది, కాస్త తుడు" అన్నాడు. అప్ప పెరట్లో అంట్లు తోముతోంది. పిలిచాడు కదా అని ఆ తడి చేతులతో, తడి కాళ్లతో వచ్చింది.

"అప్పా, లక్క అందించు" అన్నాడు. పలకలేదు. "అప్పా, నిన్నే!" అన్నాడు. పలకలేదు. మూడోసారి తల తిప్పి చూశాడు.

స్విచ్చి ఆపాడు. అప్ప పేరు పెట్టి వీధి అదిరేలా ఏడ్చాడు. ఏం లాభం? నేల మీద ఆవిడ తడి పాదాల గుర్తులు ఇంకా ఆరలేదు. మనిషిలో ప్రాణం మాత్రం లేదు.

దాలినాయుడు వచ్చి మోటారు విప్పాడు. ఎర్ర తీగ మీద తొడుగు ఆవగింజంత ఒరుసుకుపోయి ఉంది. పెరట్లో గొయ్యి తవ్వితే దుమ్ము లేచింది.

"నీళ్లు పొయ్యలేదా?" అన్నాడు.

"పోసే మనిషి ఉండేది. నేనే వద్దన్నాను" అన్నాడు గవర్రాజు.

వాడు ఆ ఏడు తీర్థానికి పోలేదు. కొత్త తీగ వేయించాడు, గొయ్యి మళ్లీ తీయించాడు, చెలమ నుంచి నీళ్లు తానే మోశాడు. వీధిలో మోటారున్న ప్రతి ఇంటికీ పోయి గోతిలో నీళ్లు పోసి, మిషను దగ్గర ఒక పలక వేసి వచ్చేవాడు. "మాకున్నాయిగా పలకలు" అంటే, "మీకున్నాయి. పక్కన నిలబడే మనిషికో?" అనేవాడు. తను మాత్రం బతికినన్నాళ్లూ వట్టి నేల మీదే నిలబడి పని చేశాడు. "పలక వేసుకో బావా" అని ఎవరైనా అంటే, "అది అప్పది" అనేవాడు.

ఆ వీధిలో ఇప్పటికీ స్విచ్చి వెయ్యబోయే ముందు గోతిలో చెంబుడు నీళ్లు పోస్తారు. "ఎర్ర తీగ తెస్తుంది. నల్ల తీగ తీసుకుపోతుంది. పచ్చ తీగ కాస్తుంది. తాగు అప్పా" అంటారు. ఆ తరవాత మిషను పక్కన ఒక పలక వేస్తారు. అది అప్ప పలక. అది వేశాకే తమ పలక వేసుకుంటారు.

ఎవడైనా తన గొడుగు తనే పట్టుకుని, తన ముద్ద తనే తింటూ కనిపిస్తే, ఆ వీధి ఆడవాళ్లు ఊరుకోరు. "నీ పలక వేసుకున్నావు సరే, అప్ప పలకేదిరా?" అంటారు. ఆ మాట పడితే ఎంత మొండివాడైనా ఒకసారి పక్కకి తిరిగి చూస్తాడు.

ఆ ఒక్క చూపే గవర్రాజు చూడలేదు.