రాతి తొట్టిలో నువ్వుల నూనె

తెలియని సంగతి ఒకరిని అడగడం నామోషీ అనుకునే కోటిలింగం అనే ఫిట్టరు, జపాన్‌లోని ఒక కొండ ఊళ్లో మూడు నెలలపాటు కొత్త యంత్రాల పని నేర్చుకుంటూ ఉండేవాడు. కోటిలింగం మా పెదనాన్న కొడుకు. ఈ జబ్బు మా వంశంలోనే ఉంది. మొన్నీమధ్య దారి అడగడానికి మొహం చెల్లక, నేను ముక్కూమొహం తెలియనివాళ్ల పెళ్లికి వెళ్లి అక్షింతలు వేసి వచ్చాను. రెండోసారి పులిహోర వడ్డించుకున్నాక గానీ నాకు అనుమానం రాలేదు. కాబట్టి వాణ్ణి వెక్కిరించే అర్హత నాకు లేదు. జరిగింది చెబుతాను, అంతే.

ఆ ఊళ్లో భూమిలోంచి వేడినీళ్లు ఊరేవి. ఊరివాళ్లంతా కలిసి వాటికో స్నానాలశాల కట్టుకున్నారు. లోపల ఉన్నది ఒకటే పెద్ద రాతి తొట్టి. పొద్దున ఆడవాళ్లు, మధ్యాహ్నం నుంచి మగవాళ్లు అందులో దిగేవారు. వెదురు గొట్టంలోంచి నీళ్లు వేలెడు ధారగా పడేవి.

కోటిలింగంతో పనిచేసే షిగేయో ఒక శనివారం వచ్చీరాని ఇంగ్లీషులో అన్నాడు:

"రేపు మూడింటికి మా నాన్నను స్నానానికి తీసుకొస్తున్నాను. ఆ తర్వాత మీరూ రండి. ఇక్కడి స్నానం ఎలా చేయాలో చూపిస్తాను."

కోటిలింగం పెద్దగా నవ్వాడు. "గోదావరి గట్టున పుట్టినవాణ్ణి. నాకు స్నానం నేర్పుతావా?"

షిగేయో తండ్రి కిన్‌సాకుకు ఎనభై ఎనిమిదేళ్లు. ఆ తొట్టిని నలభై ఏళ్లపాటు కడిగి, కాపాడినవాడు ఆయనే. చలికాలమంతా ఆస్పత్రిలో ఉన్నాడు. ఒక్కసారి ఆ నీళ్లలో కూర్చోవాలని రోజూ అడుగుతుంటే, చివరికి డాక్టరు ఆ ఆదివారం ఒక్కపూట ఇంటికి పంపడానికి ఒప్పుకున్నాడు. "పది నిమిషాలు, అంతకు మించి వద్దు. సాయంత్రం ఆరింటికల్లా వెనక్కి రావాలి" అన్నాడు.

ఒకరి చేత చూపించుకోవడం ఇష్టంలేక కోటిలింగం ఆదివారం రెండున్నరకే బయలుదేరాడు. వేడినీళ్ల స్నానమంటే వాడికి తలంటు పోసుకోవడమే. ఇంటినుంచి తెచ్చుకున్న నువ్వుల నూనె గదిలోనే తలకీ ఒంటికీ దట్టంగా పట్టించి, పైన చొక్కా తొడుక్కున్నాడు. స్నానాలశాల చూసుకునే ఫుమి అనే ముసలావిడ గుమ్మంలో ఏదో చెప్పింది. చిన్న పీటలూ సబ్బూ ఉన్నవైపు వేలు చూపించింది. ఆవిడ చెప్పిన దాంట్లో ఒక్క ముక్కా అర్థం కాకపోయినా, వాడు పెద్దమనిషిలా తలూపి లోపలికి వెళ్లి సరాసరి తొట్టిలో దిగాడు.

మూడింటికి షిగేయో తండ్రిని వీపున మోసుకుంటూ వచ్చాడు. తొట్టివైపు చూసి అక్కడే ఆగిపోయాడు. నీళ్లమీద నూనె రంగురంగుల తెట్టులా తేలుతోంది. మధ్యలో పీకలదాకా మునిగి కోటిలింగం కూనిరాగం తీస్తున్నాడు.

"ఒంటికి ఏం రాసుకున్నారు?"

"నువ్వుల నూనె. అసలైన గానుగ నూనె. నీకూ ఇస్తాలే."

"దిగేముందు సబ్బుతో కడుక్కోలేదా?"

"భలేవాడివే! కడుక్కోడానికేగా దిగింది!"

షిగేయో తండ్రిని బల్లమీద కూర్చోబెట్టి దుప్పటి కప్పాడు. ఫుమి లోపలికి వచ్చి చూసి, తొట్టి అడుగున ఉన్న బిరడా లాగేసింది.

"ఎందుకు వదిలేస్తోంది?" అన్నాడు కోటిలింగం. ఆ ఊరు వచ్చాక వాడు తెలియక అడిగిన మొదటి ప్రశ్న అది.

"ఈ నీళ్లు ఊరందరివీ. పీటమీద కూర్చుని ఒళ్లు శుభ్రంగా కడుక్కున్నాకే ఇందులో దిగుతాం. దిగి ఊరికే కూర్చుంటాం. నూనె పడితే నీళ్లు వదిలేసి, రాళ్లు తోమి, మళ్లీ నింపాలి."

"నిండటానికి ఎంతసేపు పడుతుంది?"

"రేపు తెల్లారేదాకా."

కోటిలింగం ముసలాయన వైపు చూశాడు. ఆయన ఖాళీ అవుతున్న తొట్టినే చూస్తున్నాడు. వాడు గబగబా బయటికి వచ్చి, పీటమీద కూర్చుని చర్మం ఎర్రబడేదాకా సబ్బుతో రుద్దుకున్నాడు. తర్వాత తువ్వాలు చుట్టుకుని, ఫుమి చేతిలోని బ్రష్షు అందుకుని, మోకాళ్లమీద కూర్చుని రాళ్లు తోమడం మొదలుపెట్టాడు.

కాసేపటికి కిన్‌సాకు ఏదో గొణిగాడు.

"ఏమంటున్నారు?"

"మీరు రాతిని నిమురుతున్నారట. తోమమంటున్నాడు" అన్నాడు షిగేయో.

కోటిలింగం తోమాడు. ముసలాయన బల్లమీద నుంచే వేలితో ఒక్కొక్క మూలా చూపించాడు. నాలుగున్నరకు బిరడా బిగించారు. అయిదున్నరకు నీళ్లు చీలమండలదాకా వచ్చాయి. బయట ఆస్పత్రి బండి వచ్చి ఆగింది.

షిగేయో తండ్రిని తొట్టి అంచున కూర్చోబెట్టి పాదాలు నీళ్లలో ఉంచాడు. కోటిలింగం గొట్టం కింద దోసిలి పట్టి, ఆ నీళ్లు ఆయన మోకాళ్లమీద పోశాడు. మళ్లీ పట్టాడు, మళ్లీ పోశాడు. ముసలాయన కళ్లు మూసుకున్నాడు.

"ఇక చాలునా అని అడుగు షిగేయో" అన్నాడు కోటిలింగం.

షిగేయో అడిగాడు. కిన్‌సాకు కళ్లు తెరవకుండానే జవాబు చెప్పాడు. షిగేయో ఆ జవాబును ఇంగ్లీషులో చెప్పాడు.

"చాలదు అంటున్నాడు. కానీ వెచ్చగా ఉన్నాయట."

ఆరు కాకముందే బండి ఆయన్ని తీసుకెళ్లిపోయింది. మర్నాటికి తొట్టి అంచులదాకా నిండింది. ఆయన మాత్రం తిరిగి రాలేదు. పన్నెండో రోజున ఆస్పత్రిలోనే కన్నుమూశాడు.

తెలియనిది అడిగితే మనకు పోయేది కాస్త బింకమే. అడగకపోతే పోయేది ఒక్కోసారి ఇంకొకరిది, దాన్ని మనం తిరిగి ఇవ్వలేం.