రెండో చెవి

ఒకానొక రాజ్యంలో రాజుకంటే రాజుగారి కత్తికే ప్రయాణాలు ఎక్కువ.

రాజు పేరు ఉద్దండవర్మ. సామంతుల ఇళ్ళకు వెళితే తన హోదా ఎక్కడ తరిగిపోతుందోనని ఆయన బెంగ. పెళ్ళికి పిలిచినా, నామకరణానికి పిలిచినా తన కత్తిని పల్లకీ ఎక్కించి పంపేవాడు. దానికొక శాసనం కూడా వేయించాడు: "మా ఖడ్గం ఎక్కడుంటే మేము అక్కడున్నట్టే. కాదన్నవాడికి కొరడా దెబ్బలు."

పిలిచినవాళ్ళు కత్తికి పీట వేసి, గంధం పూసి, ముందు విస్తరి పరిచి వడ్డించి, అది తినని భోజనం తామే తిని పంపేసేవారు. నిజం చెప్పొద్దూ, కత్తి వస్తేనే వాళ్ళకు హాయి. రాజుగారొస్తే ఆయన గొప్పలు కూడా వినాలి.

ఆ కొలువులో బాచన అనేవాడు రాజుగారికి తాంబూలం అందించేవాడు. రోజంతా వెండి పెట్టె పట్టుకుని సింహాసనం పక్కన నిలబడటమే పని. ఆకుకు సున్నం రాస్తూ అప్పుడప్పుడు ఓ మాట విసిరేవాడు. ఆ మాట కోసమే రాజు అతణ్ణి ఉంచుకున్నాడని కొందరు, ఆ మాటతోనే ఎప్పుడో తల పోగొట్టుకుంటాడని కొందరు అనుకునేవారు.

ఒకనాడు కొండలకవతల చిన్న కోటను ఏలే దొర ఇంటినుంచి కబురొచ్చింది. ఆ దొర భార్య కాచమ్మ రాజుగారి ఒక్కగానొక్క చెల్లెలు. ఆమె కొడుక్కి చెవులు కుట్టించాలి. పిల్లవాణ్ణి మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి కుట్టించడం ఆనవాయితీ గనక అన్నగారు దయచేయాలి.

రాజు ముఖం క్షణకాలం మెత్తబడింది. బాచన అది చూశాడు. అంతలోనే ఆయన చెయ్యి మీసం మీదికి పోయింది.

"ఆ దొర మనకు కప్పం కట్టేవాడు. వాడింట్లో చాపమీద చతికిలబడి, పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకుని, కంసాలి చేతికి అందేలా వంగితే చూసినవాళ్ళు ఏమంటారు?" అన్నాడు.

"మేనమామ అంటారు ప్రభూ," అన్నాడు బాచన ఆకు మడుస్తూ.

"నీకు మాటలెక్కువయ్యాయిరా. కత్తిని నువ్వే తీసుకెళ్ళు."

దారిపొడుగునా బాచనకు పాత సంగతులే గుర్తొచ్చాయి. ఈ రాజే ఒకప్పుడు చెల్లెల్ని భుజాలమీద ఎక్కించుకుని ఏనుగుల్ని చూపించేవాడు. కాచమ్మ అత్తవారింటికి పల్లకీ ఎక్కిననాడు గుర్రాలశాలలో గడ్డిమోపుల వెనక కూర్చుని ఏడ్చాడు. ఆ సంగతి బాచనకు తప్ప ఎవరికీ తెలియదు.

వాకిట్లో పల్లకీ దించగానే కాచమ్మ పరుగున వచ్చి తెర తొలగించింది. లోపల మఖమల్ దిండు మీద కత్తి.

వెనకనుంచి అత్తగారు తొంగిచూసి, "మీ అన్నగారు బాగా చిక్కిపోయారే కోడలా," అంది.

ఆడవాళ్ళంతా నవ్వారు. కాచమ్మ కూడా నవ్వింది గానీ కళ్ళలో నీళ్ళు ఆగలేదు. పుట్టింటివాళ్ళు రాకపోతే దారి దూరమనైనా చెప్పుకోవచ్చు. ఇలా వచ్చామనిపించుకుని రాకపోతే అత్తవారింట్లో ఆడది తలెత్తుకోలేదు.

కాసేపటికి బాచనను పక్కకు పిలిచి, "నిజం చెప్పు బాచన్నా. అన్న రాలేకపోయాడా, రానన్నాడా?" అని అడిగింది.

"అన్నకు రావాలనే ఉంది తల్లీ. రాజే రానివ్వడం లేదు," అన్నాడు బాచన. తర్వాత ఆమెకు మెల్లగా ఓ ఉపాయం చెప్పాడు. కాచమ్మ కళ్ళు తుడుచుకుని కంసాలిని పిలిపించింది.

బాచన ఖాళీ పల్లకీతో తిరిగొచ్చాడు. నిండుకొలువులో రాజు అడిగాడు: "కత్తేదిరా?"

"అక్కడే ఉంది ప్రభూ. పీట వేసి కూర్చోబెట్టారు. మేనమామకు ఒడి లేదు గదా, పిల్లవాణ్ణి పక్కన చాపమీదే కూర్చోబెట్టారు. కంసాలి ఒక చెవి కుట్టాడు. వాడు గుక్కపట్టి ఏడ్చాడు. మేనమామ ఎత్తుకుని ఇంత బెల్లం ముక్క నోట్లో పెట్టాలి. కత్తి కదల్లేదు. రెండో చెవి కుట్టనివ్వలేదు కాచమ్మ తల్లి."

"ఏమంది?" రాజు గొంతు తగ్గింది.

"ఒక చెవి రాజుగారి కత్తికోసం కుట్టించాను, రెండోది మా అన్నకోసం ఉంచాను అంది."

రాజు తలదించుకుని తన ఒడివైపు చూసుకున్నాడు. మంత్రి మాత్రం ఊరుకోలేదు.

"కత్తిని వదిలి ఎలా వచ్చావయ్యా?"

"తెద్దామనే చెయ్యి వేశానండి. పుట్టింటివాళ్ళు 'వెళ్ళొస్తానమ్మా' అని చెప్పి గడప దాటాలి, మా అన్న ఆ మాట అననిదే పంపనని అడ్డం నిలబడింది. కత్తిని అడిగి చూశాను. అది అనలేదు. ఆ తల్లి పట్టుదల గురించి ఇక్కడ నేను చెబితే, తల్లి పుట్టిల్లు మేనమామ దగ్గర పొగిడినట్టే ఉంటుంది."

కొలువులో నవ్వులు దగ్గులుగా మారాయి. రాజు దిగ్గున లేచాడు. "ఇది నా ఆజ్ఞ. ఇప్పుడే వెళ్ళి కత్తిని తీసుకురా."

బాచన కదల్లేదు. ఆయన్ను ఎగాదిగా చూసి, "తమరెవరో తెలియలేదు," అన్నాడు.

దగ్గులు కూడా ఆగిపోయాయి.

"కత్తి ఎక్కడుంటే రాజుగారు అక్కడున్నట్టే, కాదన్నవాడికి కొరడా దెబ్బలని శాసనం. నాకు నా వీపంటే ఆశ. రాజుగారు కొండలకవతల పీటమీద ఉన్నారు, కళ్ళారా చూసి వచ్చాను. ఇక్కడున్న తమరు ఎవరో మరి. పోలికలు చూస్తే మా కాచమ్మ తల్లి అన్నలా ఉన్నారు."

రాజు మంత్రివైపు తిరిగాడు. "మంత్రీ, నేనెవర్ని?"

మంత్రి నోరు తెరిచాడు. కొరడా గుర్తొచ్చింది. నోరు మూసుకుని మండపం పైకప్పు చూస్తూ ఉండిపోయాడు.

బాచన గొంతు తగ్గించి అన్నాడు: "రాజుకు హోదా అడ్డొస్తుంది, చాపమీద కూర్చోలేడు. అన్నకేం అడ్డం బాబూ? ఆ పిల్ల దారిచూస్తోంది."

 రాజు నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూనే ఉత్తరీయంతో కళ్ళు ఒత్తుకుని గుర్రం తెమ్మన్నాడు. కిరీటం సింహాసనం మీదే వదిలేశాడు.

కొండలకవతల ఆ ఇంట్లో ఉద్దండవర్మ చాపమీద కూర్చున్నాడు. మేనల్లుణ్ణి ఒళ్ళో పెట్టుకుని కంసాలి చేతికి అందేలా వంగాడు. సూది దిగగానే పిల్లవాడు ఆరున్నొక్క రాగం ఎత్తుకున్నాడు. మేనమామ గబగబా బెల్లం ముక్క నోట్లో పెట్టాడు. వాడు ఏడుపు ఆపి, బెల్లం చప్పరిస్తూ, నింపాదిగా ఆయన ఒడి తడిపేశాడు.

"అయ్యో, రాజుగారి పట్టుబట్ట," అంది అత్తగారు కంగారుగా.

"రాజుగారు ఆ పీటమీద ఉన్నారమ్మా. ఆయనకేం కాలేదు," అన్నాడు ఉద్దండవర్మ. "నేను వీడి మేనమామను."

అంటూనే తన చేతి కంకణం తీసి, వెంట వచ్చిన బాచనకు తొడిగాడు. "ఇది రాజిచ్చిన బహుమానం కాదురా. కాచమ్మ అన్న ఇచ్చాడనుకో," అన్నాడు.

మర్నాడు కాచమ్మ కత్తిని తెచ్చి గడపలో నిలబడింది. 'వెళ్ళొస్తానమ్మా' అనాలి, కత్తి పుచ్చుకోవాలి. ఉద్దండవర్మ చెల్లెలి ముఖం చూశాడు. ఆమె చంకలో రెండు చెవులకూ పోగులతో బోసినవ్వు నవ్వుతున్నవాణ్ణి చూశాడు.

"రేపు చెబుతాలే," అని మళ్ళీ వెళ్ళి చాపమీద కూర్చున్నాడు.

ఆ రేపు రావడానికి పక్షం రోజులు పట్టింది.