కొనకొమ్మ కొంరవ్వది

కాళ్లు చాపుకొని పండుకో. దుప్పటి మీదికి లాక్కో. పొద్దున నువ్వు వాకిట్ల తంగేడును ఒక్క పువ్వు లేకుండ దులిపినవు చూడు, అందుకే చెప్తున్న ఈ కథ. ఊఁ కొట్టకుంటే ఆపేస్త.

అనగనగా ఒక గుట్ట, గుట్ట కింద ఒక ఊరు. ఆ ఊళ్లె కొంరవ్వ అని ఒకామె. ఆమెకు మైసి అని ఒక్కతే బిడ్డ. నీ అంతనే ఉంటది.

ఒకప్పుడు ఆ గుట్టంత తంగేడే. బతుకమ్మ పండుగొస్తే ఆడోళ్లు పోటీపడి తెంపేటోళ్లు. నా బతుకమ్మ పెద్దగుండాలె అంటే నాది పెద్దగుండాలె అని, మొగ్గలను గూడ విడిచేటోళ్లు కాదు. పువ్వు విడిస్తెనే కాయ, కాయ ఎండితెనే గింజ. ఆ సోయి ఎవ్వరికీ లేదు. అడివి చెట్టే గదా, దానికదే మొలుస్తదిలే అనుకున్నరు. ముసలి చెట్లు ఎండిపోయినయి, కొత్తవి మొలవలే. మైసి పుట్టేనాటికి గుట్ట బోడిగ అయింది.

అప్పుడు కొంరవ్వకు దగ్గురోగం పట్టింది. వానలు మొదలైనకాడి సంది మంచం దిగలే. పండుగ దగ్గరపడ్డది. "బిడ్డా, బతుకమ్మల తంగేడు చూడక ఏండ్లయింది. ఈ ఒక్కసారి తంగేడుతోని పేర్చి నా కండ్లముందట పెట్టు. మళ్ల ఏడాదికి నేనుండ" అన్నది. మైసికి ఏడుపు ఆగలే.

గుట్టకు పోయింది. పసుపుపచ్చటి పూలు కనబడ్డయి. కొమ్మలు విరిచి ఒడి నింపుకొని ఉరికొచ్చింది. కొంరవ్వ ఆకు నలిపి వాసన చూసింది.

"ఇది కసివింద. కంపు కొడ్తది. తంగేడుకు చెవులుంటయి బిడ్డా. ఆకుకాడ కొమ్మకు అతికేచోట గుండ్రంగ, పచ్చగ, చెవులోలె ఉంటయి. కసివిందకు అవి ఉండయి. పువ్వును చూసి మోసపోకు, చెవులు చూడు" అన్నది.

ఆ తర్వాత మళ్ల పోయింది. రాళ్ల సందుల మూరెడు మొక్క దొరికింది. తడిమి చూస్తే చెవులున్నయి. దీన్ని వాకిట్ల పెడితే అమ్మ మంచంల నుంచే చూస్తదని తవ్వింది. వేరు లోపలికి పోతనే ఉన్నది. విసిగి గుంజింది. వేరు పుటుక్కున తెగింది. అట్లనే తెచ్చి పాతి, కుండెడు నీళ్లు పోసింది. పొద్దుగూకేసరికి ఆకులు వేలాడినయి, తెల్లారేసరికి ఎండింది.

"తంగేడు మొలిచినకాడి నుంచి కదలదు బిడ్డా. వేరు తెగితే బతకదు. ఎక్కడ పెరగాల్నో అక్కడనే గింజ వెయ్యాలె" అన్నది కొంరవ్వ.

అప్పుడు పండుగ ఆఖరి రోజు, పెద్ద బతుకమ్మ నాడు మూడోసారి పోయింది. గుట్ట ఆవలి దిక్కు, ఎవ్వరూ దిగని బండ కింద ఒక్కటే చెట్టు. చెవులున్నయి. నిండ పూసింది. మైసి చెయ్యి చాపింది. తెంపితే అమ్మ నవ్వుతది. తెంపితే కాయ లేదు, గింజ లేదు, ఇగ ఆ గుట్టకు తంగేడే లేదు. పోనీ ఒక్కటన్న తెంపుదామనుకున్నది. ఒక్కటి తెంపితే చెయ్యి ఆగదని భయపడ్డది. ఏడ్చుకుంట ఉత్తచేతులతోని ఇంటికొచ్చింది.

"దొరికిందా?" అన్నది కొంరవ్వ.

"దొరికిందమ్మా. తెంపలే. కాయలు కాయనీ అని విడిచిన."

కొంరవ్వ గోడదిక్కు తిరిగి పండుకున్నది. బాధ ఉండదా మరి? పొయ్యే పానం ఒక్కటే కోరింది. ఆ ఏడు గునుగు పూలు, గుమ్మడి పూలతోనే బతుకమ్మ పేర్చిన్రు. అందరు ఆడుతుంటే కొంరవ్వ బిడ్డను దగ్గరికి పిలిచింది. "మంచిపనే చేసినవు. ఆనాడు మేము ఒక్క కొమ్మ విడిచినా..." అన్నది. మిగతా మాట దగ్గుల కలిసిపోయింది.

కాయలు ఎండకముందే కొంరవ్వ పోయింది.

ఆ తర్వాత మైసి ఎండిన కాయలు తెచ్చింది. గింజ పైపొర గట్టిది, ఊరికే వేస్తే మొలవదు. అందుకని బండ మీద రుద్ది, నీళ్లల్ల నానబెట్టింది. తొలివాన పడంగనే, అమ్మ మంచం ఉన్నచోటికి ఎదురుగ వాకిట్ల వేసింది. మొలిచింది. చిన్నచిన్న చెవులొచ్చినయి. ఒక ఏడు ఉత్త ఆకే. మరో ఏడు దాటినాక పూసింది. అప్పుడు మైసి దాని పక్కన కూసొని, "ఒక్క పువ్వన్న తెచ్చి నీ చేతుల పెట్టకపోతినే అమ్మా" అని ఆ చెవుల్లనే చెప్పుకొని ఏడ్చింది.

పండుగకు ఊరి ఆడోళ్లు గంపలతోని వచ్చిన్రు. మైసి అందరినీ తెంపనిచ్చింది. కొనకొమ్మను మాత్రం ముట్టనియ్యలే. "ఇది మా అమ్మది" అన్నది. అప్పటి సంది ఆ ఊళ్లె ఎవ్వరూ ఏ చెట్టుకూ కొనకొమ్మ తెంపరు. అది కొంరవ్వది అంటరు. అట్ల విడిచిన గింజలతోని గుట్టంత మళ్ల తంగేడైంది. అది చూసేటందుకు కొంరవ్వనే లేదు.

ఏమైంది, ఊఁ లేదు? ఏడుస్తున్నవా? ఏడ్వకు. తెంపినయి ఇగ అతుక్కోవు. ఇంక మొగ్గలున్నయి, రేపు పూస్తయి. కొనకొమ్మయి విడిచిపెట్టు. ఇగ కండ్లు మూసుకో.

పువ్వు సగం మనకు, సగం కొమ్మకు,
కాయ ఎండకు, గింజ మన్నుకు,
కథ కంచికి, కన్ను నిద్రకు.