మరి నేనొస్తాను

నూకరాజు మాస్టారికి ఒక అలవాటుంది. శిష్యులు ఓడిపోయిన ఆటను రికార్డు చేసి తెస్తే, ముందుగా కంప్యూటరు తెర మీద తన కండువా కప్పేస్తారు. బొమ్మ చూడరు. ఆడేటప్పుడు జట్టువాళ్ళు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒకరితో ఒకరు అనుకున్న మాటలు మాత్రం వింటారు. సైన్యంలో ఇరవై రెండేళ్ళు వైర్‌లెస్ సెట్టు ముందు కూర్చున్న మనిషి. తుపాకులు పేలడం కన్నా మాటలు తప్పడం వల్లే ఎక్కువ నష్టం జరగడం చూశానంటారు. కంప్యూటర్లో ఆడే యుద్ధానికి గురువేమిటి, శిష్యరికమేమిటి అని మీకు నవ్వు రావచ్చు. నాకూ వచ్చింది. కాకినాడలో ఆయన పాఠాలు చెప్పే మేడ మీది గదికి వెళ్ళి ఒక పూట కూర్చున్నాక మరి నవ్వలేదు.

ఆయన దగ్గర నేర్చుకునే జట్టుకు నాయకురాలు హిమజ. రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం, ఇరవై ఆరేళ్ళు, కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ సంగతంతా నాకు చెప్పింది ఆవిడే కనుక ఆ మాట అనే చనువు నాకుంది. ఒక శుక్రవారం మధ్యాహ్నం ముసురులో తడుస్తూ వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే అడిగింది.

“మాస్టారూ, మాట మీద నిలబడని మనిషిని జట్టులో ఉంచుకోవచ్చా?”

ఆ మనిషి పేరు యోహాను. ఆదివారం విజయవాడలో పోటీల ఆఖరి ఆట ఉంది. ఆడే ఐదుగురి పేర్లూ ఆ సాయంత్రం ఆరు లోపు పంపాలి. హిమజ యోహాను పేరు కొట్టేసి, ఇంకొకరి పేరు రాసుకుని మరీ వచ్చింది. యోహాను ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఏడాదిగా డ్యూటీ దిగి, ఇంటికైనా వెళ్ళకుండా తిన్నగా సాధనకు వచ్చేవాడు. ఈ ఆట కోసం బతిమాలి సెలవు తెచ్చుకున్నాడు. అదంతా హిమజకు తెలుసు, తెలిసే కొట్టేసింది.

మొన్నటి సాధన ఆటలో జరిగింది ఇది. వాళ్ళాడే ఆటలో కాలవ గట్టున ఒక పాత రైసుమిల్లు ఉంటుంది. గడువు అయ్యేదాకా దాన్ని చేజారకుండా కాపాడుకున్న జట్టు గెలిచినట్టు. మిల్లు లోపల హిమజ ఉంది. వెనకాల వంతెన మీద యోహాను కాపలా. మిగిలిన ముగ్గురూ చచ్చిపోయి, అంటే ఆటలో చచ్చిపోయి, చేతులు కట్టుకు చూస్తున్నారు. ఇంకొక్క నిమిషం గడిస్తే చాలు. అప్పుడు యోహాను, “మరి నేనొస్తానక్కా” అన్నాడు. తనకు తోడు వస్తున్నాడనుకుని హిమజ వెనక మెట్ల దగ్గర కాపలా వదిలేసి, అతను చుట్టూ తిరిగి రావడానికి ముందు తలుపు తీసి ఎదురు చూసింది. అతను రాలేదు. తూటాలు అయిపోతే, కాలవ అవతల గోదాములో ఉన్న తూటాల పెట్టె కోసం వెళ్ళాడు. మనిషి లేని వంతెన మీదుగా అవతలి జట్టువాళ్ళు తాపీగా నడుచుకుంటూ వచ్చి ఆమెను వెనక నుంచి కాల్చేశారు.

మాస్టారు తెర మీద కండువా కప్పి ఆ నిమిషాన్ని మూడుసార్లు విన్నారు. ‘మరి’ అన్న చోట మూడుసార్లూ తల ఊపారట. తర్వాత యోహానుకు ఫోను చేసి, ఇద్దరికీ వినబడేలా పెట్టారు. నేను వెళ్తున్నాననే చెప్పానండీ అన్నాడతను. ఆ మాటే సరిగ్గా అనొచ్చు కదా అని మాస్టారు అడిగారు.

“లోపల అక్క ఒక్కతీ ఉంది కదండీ. పోతున్నానని ఎలా అంటాను?”

సముద్రం మీదికి వేటకెళ్ళే వాళ్ళ ఇల్లు వాళ్ళది. గడప దాటుతూ పోతున్నానన్న మాట ఆ ఇంట్లో ఎవరి నోటా అతను విని ఎరగడు. నోటికి రాలేదన్నాడు. అక్కకు ఇష్టం లేకపోతే ఆదివారం డ్యూటీకే వెళ్తాననీ, మనసులో ఏమీ పెట్టుకోననీ కూడా చెప్పి ఫోను పెట్టేశాడు.

ఆ చివరి మాటకు హిమజకు ప్రాణం చివుక్కుమంది. అయినా దిగిరాలేదు. వస్తానంటే రావడమని పసిపిల్లలకు కూడా తెలుసనీ, ఒక పక్క కాల్పులు జరుగుతుంటే ఈ మర్యాదలేమిటనీ వాదించింది. మాస్టారు ఎదురు వాదించలేదు. హిమజ వాళ్ళమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని అడిగారు. విజయవాడలో ఎక్కడ దిగుతున్నారో అడిగారు. ఫ్లాస్కులో మిగిలిన టీ ఆమెకు పోశారు. ఆ కబుర్లలోనే ఐదున్నర దాటింది. హిమజ ఫోను తీసి, పేర్ల పట్టీ తెరిచింది.

మాస్టారు లేచి, కండువా దులిపి భుజాన వేసుకున్నారు.

“మరి నేనొస్తానమ్మా.”

హిమజ కళ్ళు ఫోను మీదే ఉన్నాయి. అలాగే లేచి, మూలనున్న గొడుగు తీసి ఆయన చేతికిచ్చింది. మంచిది మాస్టారూ, మెట్లు జారుతున్నాయి చూసుకోండి అంటూ గుమ్మం దాకా సాగనంపింది. ఆయన మాత్రం మెట్లు దిగలేదు. గొడుగును అటూ ఇటూ తిప్పి చూస్తూ నిలబడ్డారు.

“నేను వస్తానన్నాను కదమ్మా. గొడుగెందుకిచ్చావు?”

“మీరు వెళ్తున్నారని...” అంటూ హిమజ మధ్యలో ఆగిపోయింది.

సిగ్గుతో చెవులు వేడెక్కిపోయాయని నాతో చెప్పింది. అక్కడే గుమ్మంలో నిలబడి, కొత్త పేరు తీసేసి యోహాను పేరు రాసి, ఆరుకు పది నిమిషాలుండగా పట్టీ పంపేసింది. పంపాక కూడా ఒక బెంగ మిగిలింది. యోహాను పోతున్నాననడు, వస్తానంటే రావడమో వెళ్ళడమో తనకు ఆ గొడవలో తెలియదు. ఆదివారం మళ్ళీ ఇలాగే అయితే ఏం చెయ్యాలని మాస్టారిని అడిగింది. ఆమె గొంతులో అప్పటికి కోపం లేదు.

మాస్టారు గొడుగు విప్పి, ఒక మెట్టు దిగారు.

“బయల్దేరేవాణ్ణి ఎక్కడికని అడగకూడదంటారు. నువ్వు అడుగు.”