పరీక్ష రోజు బడికొచ్చిన నక్క

కొండ కింద ఓ చిన్న బడి. రెండు గదులు, వాటి ముందు వరండా, జెండా దిమ్మె ఉన్న మట్టి ఆవరణ, ఓ పక్క చేతులు కడుక్కునే కుళాయిలు, వెనకాల రేకుల వంటశాల. ఆ వంటశాల కట్టెల సందులో చుక్కల కోడి ఒకటి ఏడు పిల్లలతో కాపురముండేది. మధ్యాహ్నం బడిపిల్లలు వరండాలో కూర్చుని తింటే, రాలిన మెతుకులన్నీ ఈ సంసారానివే. అంత హాయైన కాపురం ఆ చుట్టుపక్కల ఏ కోడికీ లేదు.

వెనక గోడకి ఓ కంత ఉంది. దాని అవతల తుప్పల్లో ఓ నక్క. దానికి తన చెవులంటే మహా గొప్ప. "గోల వినిపిస్తే పిల్లలున్నట్టు, వినిపించకపోతే సెలవు. ఇంతే కదా బడి!" అనుకునేది.

ఓ పొద్దున బడిలో చప్పుడన్నదే లేదు. నక్క కంతలోంచి దూరి తిన్నగా కట్టెల దగ్గరికొచ్చింది.

"ఏమ్మా కోడీ, బాగున్నావా?"

కోడి గుండె గుభేలుమంది. అరిస్తే ఇది ఏదో ఓ పిల్లని నోట కరుచుకుని పారిపోతుంది. ఏ పిల్లని? అయినా రెక్కలు సర్దుకుని, "రా మామా, పట్టపగలే వచ్చావేం?" అంది.

"ఇవాళ సెలవు కదే! ఒక్క కూతైనా వినపడుతోందా?"

కోడికి అసలు సంగతి తెలుసు. ఇవాళ పరీక్ష. గదులు చాలక పంతులమ్మ పిల్లలందర్నీ ఆవరణలో ఎడం ఎడంగా కూర్చోబెట్టింది. నోరు విప్పితే ఊరుకోనని గట్టిగా చెప్పింది. పొద్దున్నే కోడిని కూడా అక్కణ్ణించి అదిలించింది.

"నీ చెవులే చెవులు మామా," అంది కోడి.

"సర్లే, నీ పిల్లల్ని పిలువు."

"ఇక్కడా? ఒకదాన్ని పట్టేలోగా తక్కినవి కట్టెల్లో దూరిపోతాయి. రోజంతా కట్టెలు పీక్కుంటూ కూర్చుంటావా? ముందున్న ఆవరణకి పద. అక్కడ దాక్కోడానికి సందే లేదు. నేను నిలబడి పిలిస్తే ఏడూ పరిగెత్తుకొస్తాయి. నన్నొక్కదాన్ని వదిలెయ్, చాలు."

నక్కకి నోరూరింది. అనుమానమూ వచ్చింది. "అయితే ముందు నువ్వు నడువు."

"నడుస్తాలే మామా. ఇంటికొచ్చిన పెద్దవాడికి దారి చూపించనూ?"

ఇద్దరూ గోడ మలుపు తిరిగారు.

ఆవరణలో నలభై తలలు కాగితాల మీద వంగి ఉన్నాయి. లెక్కల పరీక్ష. ఎంతకీ తెగని భాగహారంతో విసిగిపోయిన మూడో తరగతి భ్రమరాంబ అప్పుడే తలెత్తింది.

"టీచర్, నక్క!"

గంట నుంచీ నోరు నొక్కుకుని కూర్చున్న నలభై మందీ ఒక్కసారి గొంతు విప్పారు. పరీక్ష మధ్యలో అరవడానికి అంత మంచి అవకాశం మళ్లీ దొరుకుతుందా! అట్టలు లేచాయి, చెప్పులు ఎగిరాయి. ఊరుకోనన్న పంతులమ్మే అందరికన్నా గట్టిగా అరిచింది. నక్క కుళాయిల దగ్గర బురదలో జారి, లేచి, కంత ఎటుందో మర్చిపోయి, గేటు చువ్వల మధ్య ఇరుక్కుని, తోక బొచ్చు సగం అక్కడే వదిలేసి కొండెక్కింది.

మధ్యాహ్నం వరండా కింద మెతుకులు ఏరుకుంటూ ఓ కోడిపిల్ల అడిగింది: "అమ్మా, అది మళ్లీ వస్తుందా?"

"ఎప్పుడొస్తుందే పిచ్చిదానా? గోలగా ఉంటే పిల్లలున్నారని రాదు. గోల లేకపోతే పరీక్షేమోనని రాదు. నువ్వు తిను."

నీతి: చప్పుడు లేనంత మాత్రాన ఎవరూ లేరనుకోకూడదు.